అమ్మకి చెప్పకు అన్నావు

నాన్నా,

నువ్వు వెళ్ళి పదకొండు నెలలు దాటింది. వచ్చే గురువారం నీ సంవత్సరీకం.

ఈ పదకొండు నెలల్లో ఇంట్లోవాళ్ళు నన్ను మూడు రకాలుగా అర్థం చేసుకున్నారు. మూడూ తప్పే. మొదట, దీనికి కన్నీళ్ళయినా రాలేదన్నారు. తర్వాత, బరితెగించిందన్నారు. ఇప్పుడు బంగారు తల్లి అంటున్నారు. మొదటి రెండూ ఎలాగో భరించాను గానీ, ఈ మూడోది మింగుడు పడటం లేదు.

అమ్మ అందరికీ చెబుతున్న కథ ఇది. నేను ఎవరి మాటా వినకుండా పోర్చుగల్ వెళ్ళాను. దౌరో లోయలో, ద్రాక్షతోటల కొండల్లో సైకిల్ తొక్కాను. మొదటి రెండు రోజులూ నది వెంబడి రోడ్డు. మూడో రోజు అసలు కొండ ఎక్కాలి. తీరా దాని మొదట్లోకి వచ్చేసరికి, తండ్రి పోయిన ఏడాది లోపు కొండెక్కకూడదన్న మాట గుర్తొచ్చి, ఎక్కకుండా వెనక్కి తిరిగి వచ్చేశాను.

"ఎంత చదివితే ఏంటి వదినా, కొండ కిందే ఆగిపోయింది పిల్ల. నోటితో చెప్పదు గానీ దానికి లోపల అన్నీ ఉన్నాయి" అని ఫోన్లో చెబుతుంటే అమ్మ గొంతు వణుకుతుంది. ఆ వణుకు విని ఎన్నిసార్లు నోరు మూసుకున్నానో...

బాబాయి మొన్న కాకినాడ నుంచి దిగాడు. చెప్పులు విప్పుతూనే నా తల మీద చెయ్యి వేసి, "అన్నయ్య పెంపకం ఊరికే పోలేదమ్మా" అన్నాడు. సెప్టెంబర్లో ఇదే బాబాయి ఏమన్నాడో తెలుసా? "ద్రాక్షతోటలంటే వైనేగా వదినా. తండ్రి పోయి ఏడు నెలలు కాలేదు, అప్పుడే వైను తాగడానికి బయల్దేరిందా?" అని. ఫోను స్పీకర్లో ఉందని ఆయనకి తెలీదు. అమ్మకి తెలుసు.

నాన్నా, నేను ఆగలేదు. ఆపేయాల్సి వచ్చింది. ఎందుకో తెలిసినవాళ్ళు ముగ్గురు. నేను, లిమ్ అంకుల్, ఇంకొకాయన ఎవరో పేరు కూడా తెలీని ట్రాక్టరు మనిషి.

నువ్వు నాలుగోవాడివి అవుతావని ఇది రాస్తున్నాను. ముందు నీతో అంటే, తర్వాత మిగిలినవాళ్ళతో అనడం వస్తుందేమోనని...

*

ఫ్రిజ్ మీద నువ్వంటించిన కాగితం ఇంకా అక్కడే ఉంది. పళ్ళ డాక్టరు దగ్గర కూర్చుని, పత్రికలో బొమ్మ చూసి, ఎవరూ చూడకుండా పేజీ చింపి జేబులో పెట్టుకొచ్చావు. కొండల్ని మెట్లు మెట్లుగా చెక్కి ద్రాక్ష వేసిన లోయ. కింద ఆకుపచ్చని నది. దాని పక్కనే మూడు రోజుల దారి గీసి, మూడో రోజు దగ్గర ఎర్ర స్కెచ్‌తో ఒక మూపురం పెట్టావు. పదకొండు కిలోమీటర్ల ఎక్కుడు. చుక్క మందు ముట్టని మనిషికి ద్రాక్షతోటలెందుకయ్యా అని అమ్మ అడిగితే, "అవి పండేచోట రోడ్లు బావుంటాయటే" అన్నావు.

కొండలు లేని సింగపూర్‌లో కొండకి తయారవడం ఎలా? మౌంట్ ఫేబర్ రోడ్డు పద్నాలుగు సార్లు ఎక్కి దిగాం. పద్నాలుగోసారి అక్కడి సెక్యూరిటీ అంకుల్ మనల్ని ఆపి, ఏమైనా పారేసుకున్నారా, నేనూ వెతుకుతాను అన్నాడు. లిమ్ అంకుల్ రోడ్డు మీదే కూర్చుని నవ్వాడు.

ఆయన నవ్వు ఇప్పుడు తక్కువైపోయింది నాన్నా.

మన పై అంతస్తు మనిషి, రిటైరైన లెక్కల టీచరు, పదేళ్ళు నీ ఆదివారాలన్నీ పంచుకున్న మనిషి. నువ్వు పోయిన మూడో రోజున మన గుమ్మం ముందు నిలబడి ఆయన అన్నది ఒకటే మాట. ముగ్గురికి బుక్ చేశాం, ఇద్దరం వెళ్దాం అని. మిగిలిన వాళ్ళంతా ధైర్యంగా ఉండమన్నారు. ఆయన ఒక్కడే నాకు పని చెప్పాడు.

నీ నియమాలు ఆయనకి కంఠతా వచ్చు. ముగ్గురం ఒకరి వెనక ఒకరం, చక్రానికీ చక్రానికీ మధ్య జానెడు. ముందున్నవాడు గాలిని కోస్తాడు, వెనకవాళ్ళకి శ్రమ తగ్గుతుంది. కానీ వెనకవాడికి రోడ్డు కనపడదు. ముందున్న చక్రమే కనపడుతుంది. అందుకే నువ్వు ఎప్పుడూ అనేవాడివి... "ముందున్నప్పుడు నీవి నీ ఒక్కదాని కళ్ళు కావు అమ్మలూ. వెనక ఎంతమంది ఉంటే అందరి కళ్ళూ నీవే. చూసింది చూసినట్టు చెప్పేయాలి."

గుంత వస్తే చెయ్యి చూపించాలి. బండి వస్తే అరవాలి. నువ్వు తెలుగులోనే అరిచేవాడివి. గుంత, రాయి, బస్సు. లిమ్ అంకుల్‌కి వచ్చిన తెలుగంతా ఈ మూడు మాటలే.

అక్కడ బండ్లు కుడిపక్కన పోతాయని నీకు జనవరి నుంచే బెంగ. మనం పుట్టినప్పట్నుంచీ ఎడమపక్కన పోయేవాళ్ళం కదా. మూడు సైకిళ్ళకీ హ్యాండిల్ కుడి కొమ్ము మీద ఎర్ర టేపు చుట్టావు. "ఈ టేపు ఎప్పుడూ రోడ్డు అంచు వైపే ఉండాలి. మెదడుని నమ్మకండి. అది ఖాళీ రోడ్డు చూస్తే సింగపూర్‌లోకి వెళ్ళిపోతుంది" అన్నావు.

ఎంత కచ్చితంగా చెప్పావో.

*

సెప్టెంబర్లో నా సైకిల్ విప్పి పెట్టెలో సర్దుతున్నప్పుడు నా టేపు అంచు లేచి, చేతికి జిగురు అంటుకుంది. నాకు ఇరవై ఐదేళ్ళు. వన్-నార్త్‌లో ఒక ల్యాబులో నా పనే పొరపాట్లు పట్టుకోవడం. ఒక్క అంకె తేడా వస్తే నేను కనిపెడతాను. నాకు టేపెందుకు?

పీకేశాను. పీకి, ఆ పెట్టెకే అంటించాను. ఆ పెట్టె ఇప్పుడు నా మంచం కింద ఉంది. టేపు ఇంకా దానికి అంటుకునే ఉంది.

ఆ వారమంతా ఇంట్లో యుద్ధం. ఏడాది తిరక్కుండా కొండెక్కడం అరిష్టం అంది అమ్మ. కర్మ చేసింది బాబాయి, కొండెక్కకూడనిది నేనా అన్నాను. "తిక్క సమాధానాలు చెప్పకే" అంది. మనం ఉండేదే బుకిత్ పంజాంగ్, పొడుగు కొండ అని దానర్థం, ఏడు నెలలుగా రోజూ ఎక్కుతూనే ఉన్నాం కదా అన్నాను. అమ్మ నవ్వలేదు. నువ్వుంటే నవ్వేవాడివి. నవ్వి, ఆ తర్వాత అమ్మ పక్షాన చేరేవాడివి.

నేనెందుకు వెళ్ళి తీరాలనుకున్నానో ఎవరూ అడగలేదు. సైకిల్ పిచ్చి అన్నారు. నాన్న మీద బెంగ అన్నారు. మొండితనం అన్నారు. నాకు ఆ ఇంట్లో ఊపిరి ఆడటం లేదు, అంతే. ఎందుకు ఆడటం లేదో ఈ ఉత్తరం చివర రాస్తాను. ఇప్పుడు చెయ్యి రావడం లేదు.

*

మొదటి రెండు రోజులూ ఎంత బాగా గడిచాయో నీకు చెప్పాలనే ఉంది. కానీ మూడో రోజు అడ్డం పడుతోంది. రెండు ముక్కలు మాత్రం చెప్తాను. ద్రాక్ష కోతల రోజులు అవి. కొండ మీద ఎక్కడో మనుషులు వరసగా వంగి కోస్తూ పాట అందుకుంటే, నది అవతలి గట్టు మీద నుంచి ఇంకొకళ్ళు కేక వేసేవాళ్ళు. గాలంతా పులిసిన వాసన. లిమ్ అంకుల్ ప్రతి మలుపులోనూ, మీ నాన్న ఇక్కడ ఆగి ఫోటో తీసేవాడు, అనేవాడు. ఆగేవాళ్ళం కాదు.

మూడో రోజు పొద్దున పదింటికి ఒక ఊళ్ళో ఆగాం. చిన్న మిట్ట మీద పాతిక ఇళ్ళు. అక్కణ్ణించి దిగితే వాగు మీద వంతెన, వంతెన దాటితే నీ ఎర్ర మూపురం. కుళాయి దగ్గర సీసాలు నింపుకున్నాం. ఆ కుళాయి రోడ్డుకి ఎడమపక్కన ఉంది.

అంతే నాన్నా. జరిగిందంతా ఆ ఒక్క దానివల్లే. కుళాయి ఎడమపక్కన ఉంది, నేను అక్కణ్ణించే బయల్దేరాను, అలాగే పోయాను. రోడ్డు మీద పురుగు లేదు. ఎదురుగా బండి వస్తే తప్ప తప్పు తెలిసే దారి లేదు. నా వెనక లిమ్ అంకుల్, జానెడు దూరంలో, నా చక్రం చూస్తూ. ఆయన రోడ్డు చూడలేదు. చూడక్కర్లేదు. అది నీ నియమం.

దిగుడు. వేగం పెరిగింది. నాకు ఎంత హాయిగా ఉందంటే... ఏడు నెలల్లో మొదటిసారి ఏమీ ఆలోచించడం లేదు. ఒక పక్క రాతిగోడ. గోడ నాకు ఎడమ చేతి వైపు. అది చూస్తూనే ఉన్నాను. చూస్తూ కూడా నాకు తట్టలేదు. మన ఊళ్ళో గట్టు ఎప్పుడూ ఎడమ చేతి వైపే కదా.

మలుపు తిరిగాను. ఎదురుగా ట్రాక్టరు.

దాదాపు రోడ్డంత వెడల్పు ఉంది అది. వెనక తొట్టిలో ద్రాక్ష ట్రేలు. డ్రైవరు నోరు తెరుచుకోవడం కనపడింది. గొంతు వినపడలేదు. నేను అరవాలి. గుంత, రాయి, బస్సు... ఏదో ఒకటి. ఏదీ రాలేదు. ఒక్క మాట కూడా చెప్పకుండా కుడివైపుకి కోసేసి ట్రాక్టరుకీ లోయకీ మధ్య సందులోంచి బయటపడ్డాను.

నేను తప్పుకున్నాను. వెనకాయనకి చెప్పలేదు.

లిమ్ అంకుల్‌కి నా చక్రం మాయమై ట్రాక్టరు కనపడింది. బ్రేకులు పట్టేశాడు. సైకిల్ ఆయన కిందనుంచి జారిపోయి, ఆయన భుజంతో వెళ్ళి గోడని కొట్టుకున్నాడు. ఆ చప్పుడు ఎలాంటిదో రాయను.

ట్రాక్టరు ఆగింది. పై రెండు ట్రేలు బోర్లాపడి, నల్లటి ద్రాక్షపళ్ళు దిగుడు వెంట దొర్లుకుంటూ నా కాళ్ళ దగ్గరిదాకా వచ్చాయి. నేను అక్కడే నిలబడ్డాను. వెంటనే అంకుల్ దగ్గరికి పరిగెత్తానని అందరికీ చెప్పాను. లేదు, కొంతసేపు నిలబడ్డాను.

ట్రాక్టరాయనకి అరవై ఉంటాయి. వేళ్ళన్నీ ఊదారంగు. అంబులెన్సుకి ఫోన్ చేశాడు, అంకుల్ తల కింద తన కోటు మడిచి పెట్టాడు. అంతా అయ్యాక, గోడ పక్కన అంకుల్ దగ్గర కూర్చున్న నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. భాష రాదుగా... నా మోచెయ్యి పట్టుకుని, మెల్లగా రోడ్డు దాటించి, కుడి అంచున నిలబెట్టాడు. చేత్తో అక్కడ నేలని చూపించాడు. మళ్ళీ నా మొహం చూశాడు. చిన్నపిల్లలకి చూపించినట్టు.

నీ టేపు చెయ్యాల్సిన పని అది.

*

అంకుల్‌కి కాలర్ బోను రెండు ముక్కలు. హెల్మెట్ పగిలింది, తల పగల్లేదు. ఆసుపత్రిలో ఆపరేషనుకి తీసుకెళ్ళే ముందు నన్ను దగ్గరికి రమ్మన్నాడు. నేను ఏడుస్తూ, ఐ వాజ్ ఆన్ ద రాంగ్ సైడ్ అంకుల్ అన్నాను. ఐ నో, అన్నాడు. నాకు తెలుసులే అన్నట్టు కళ్ళు మూసి తెరిచి, ఇంకొకటి అన్నాడు.

"డోంట్ టెల్ యువర్ మదర్, ఓకే? షీ విల్ లాక్ అప్ యువర్ బైక్."

నాన్నా... అది నీ మాట. భాషొకటే వేరు.

ఆయన తన భార్యకి, అదే మన ఆంటీకి, ఫోన్ చేసి, తల తిరిగింది, బ్యాలెన్స్ తప్పింది, పడిపోయాను అన్నాడు. నా పేరు రాకుండా ఉండాలంటే పడటానికి ఏదో ఒక కారణం కావాలిగా. తన ఒంటినే కారణం చేసుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. విన్నాను. ఊరుకున్నాను.

చాంగీలో దిగేసరికి రెండు కథలూ తయారై ఉన్నాయి. లిమ్ అంకుల్ ముసలాయన, కళ్ళు తిరిగి పడ్డాడు. నేను తండ్రి పోయిన ఏడాదని తలుచుకుని కొండెక్కకుండా తిరిగొచ్చాను. అమ్మ ఎయిర్‌పోర్టులోనే నన్ను కావలించుకుని, "ఆ పెద్దాయనకి అలా అవడం కూడా మీ నాన్న చెప్పించిందేనే. ఎక్కొద్దని" అంది. నా వీపు మీద ఆవిడ చెయ్యి... నువ్వు పోయాక అమ్మ నన్ను ముట్టుకోవడం అదే మొదలు. ఆ చెయ్యి తీసేయమని ఎలా చెప్పను?

*

ఆ అబద్ధం ఖరీదు నేను కట్టడం లేదు. అదీ నాకు నిద్ర లేకుండా చేస్తున్నది.

నా సైకిల్ నా దగ్గరే ఉంది. ఆదివారాలు నేను క్రాంజీ దాకా ఒక్కదాన్నే పోయి వస్తున్నాను. అమ్మ పోవద్దనడం మానేసింది. బంగారు తల్లిని కదా. లిమ్ అంకుల్ సైకిల్ మాత్రం వాళ్ళ ఇంటి ముందు కారిడార్లో పాత దుప్పటి కప్పుకుని ఉంది. చుట్టూ ఆంటీ కరివేపాకు కుండీలు పెట్టింది, లాగడానికి వీల్లేకుండా. భుజం అతుక్కుంది. డాక్టరు నవంబర్లోనే తొక్కొచ్చన్నాడు. ఆంటీ ఒప్పుకోలేదు.

"సిక్స్టీ సెవెన్ ఆల్రెడీ లా. కళ్ళు తిరిగే మనిషిని రోడ్డు మీదికి పంపమంటావా? మీ నాన్న నలభై తొమ్మిదికే పోయాడు. నేనూ నీ మదర్ లాగా కూర్చోవాలా?" అని నన్నే అడిగింది. ఇంగ్లీషులోనే అడిగిందిలే, నీకు తెలిసిన ఆ విసురుతో, మాట చివర ఆ 'లా'తో. నిజం అప్పుడే చెప్పాల్సింది. ఆవిడ నా చేతిలో కమలాపళ్ళ సంచి పెట్టింది. తీసుకుని వచ్చేశాను.

ఇప్పుడు ఆయన్ని బస్సులో కూడా ఒంటరిగా వెళ్ళనివ్వరు. స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీ బిగించారు. తలకి రెండుసార్లు స్కాన్ తీయించారు. ఏమీ లేదని వచ్చింది. లేని జబ్బు ఎలా కనపడుతుంది? ఏమీ లేదంటే ఇంకా భయపడ్డారు.

పోయిన ఆదివారం నేను తిరిగొస్తుంటే బ్లాకు కింద ఖాళీ జాగాలో, చదరంగం ఆడే ముసలాళ్ళ పక్కన కూర్చుని ఉన్నాడు. ఆడటం లేదు. నన్ను చూసి లేచి వచ్చి, నా ముందు టైరు బొటనవేలితో నొక్కి చూశాడు. గాలి తక్కువుంది అన్నాడు. క్రాంజీలో గాలి ఎటు కొడుతోంది అని అడిగాడు. చెప్పాను. కొంగలు వచ్చాయా? వచ్చాయి. ఆ మలుపులో కంకర తీశారా? తీయలేదు. అన్నీ విని తలూపి, తన సైకిల్‌ని వచ్చే శుక్రవారం ఆంటీ మేనల్లుడు మలేషియాలోని జొహోర్ నుంచి వ్యాను తెచ్చి తీసుకెళ్ళిపోతున్నాడని చెప్పాడు. పిల్లవాడు మంచివాడు, బాగా చూసుకుంటాడు అన్నాడు.

నేను నిజం చెప్పేస్తాను అంకుల్ అన్నాను. వద్దన్నాడు. "యూ రైడ్. సేమ్ సేమ్ లా."

సేమ్ కాదు నాన్నా. అది ఆయనకీ తెలుసు. అంటూ అటు తిరిగి చదరంగం బల్ల వైపు చూశాడు.

*

ఇక దాటవేయడానికి ఏమీ మిగల్లేదు. ఊపిరి సంగతి.

పోయిన ఏడాది జనవరి ఆఖరి ఆదివారం, క్రాంజీ. లిమ్ అంకుల్ ఆ వారం మలాకాలో పెళ్ళికి వెళ్ళాడు. మనిద్దరమే. యుద్ధంలో పోయినవాళ్ళ సమాధుల దగ్గర ఆ చిన్న ఎక్కుడు ఉంది చూడు... ఎక్కుడు అనడానికి కూడా లేదు. దాని మధ్యలో నువ్వు దిగిపోయావు. బస్టాపు బెంచీ మీద కూర్చుని, ఎడమ చెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నావు. పెదాలు బూడిద రంగులో ఉన్నాయి. నేను అంబులెన్సు అన్నాను.

"గ్యాసే అమ్మలూ. పొద్దున్న ఆ రెండో పెసరట్టు తినకుండా ఉండాల్సింది" అన్నావు. పది నిమిషాలకి రంగు వచ్చింది. లేచావు. హెల్మెట్ పెట్టుకుంటూ అన్నావు...

"అమ్మకి చెప్పకు. చెబితే సైకిల్ మూల పడేస్తుంది. మన కొండ పోతుంది."

నేను సరే అన్నాను.

ఎందుకన్నాను? నువ్వు అడిగావని కాదు. నాకూ కొండ కావాలి. టిక్కెట్లు తీసేశాం. లీవు మంజూరైంది. డాక్టరు దగ్గరికి వెళ్తే వద్దంటాడేమోనని నాకు కూడా భయం వేసింది. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నాకు నేనే చెప్పుకోలేదు.

పద్దెనిమిది రోజులకి రాఫెల్స్ ప్లేస్‌లో, మీ ఆఫీసు లిఫ్టు ముందు పడిపోయావు.

పలకరించడానికి వచ్చిన ప్రతి మనిషితోనూ అమ్మ ఒకటే అంటుంది. "ఒక్కసారి... ఒక్కసారైనా నొప్పి అన్న మనిషి కాదండీ. అని ఉంటే నేను ఊరుకునేదాన్నా?" పదకొండు నెలలుగా అదే మాట. నేను కాఫీ కప్పులు పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళి, ఆ మాట విని, ఖాళీ కప్పులతో బయటికి వస్తుంటాను. అనే ఉన్నావు కదా. నాతో అన్నావు. అమ్మతో అనవద్దని అన్నావు.

ఊరుకునేది కాదు అమ్మ. నిన్ను చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి ఈడ్చుకెళ్ళేది. అప్పుడు ఏమయ్యేది? నాకు తెలీదు. నీకు తెలుసా అక్కడ?

రోడ్డు మీద నువ్వు ఏదీ దాచేవాడివి కాదు. చిన్న గులకరాయి కనపడినా వెనక్కి కేక పెట్టేవాడివి. గీరుకుపోయిన మోకాలు మాత్రం మేజోడు పైకి లాగి దాచి ఇంట్లోకి వచ్చేవాడివి. ఆఫీసులో నిన్ను తీసేస్తారన్న రెండు నెలలూ అమ్మకి చెప్పలేదు. తాతయ్య జబ్బు చెప్పలేదు. మనిద్దరి మధ్య రహస్యం అంటే చిన్నప్పుడు నాకెంత గొప్పగా ఉండేదో... నీ ముఠాలో ఉన్నట్టు. అమ్మ మన వెనకే వస్తోంది కదా నాన్నా ఇన్నేళ్ళూ. ఆవిడకి రోడ్డు కనపడేది కాదు. మన చక్రాలే కనపడేవి. ఆవిడకి ఎవరు కేక పెట్టాలి?

నీ మీద కోపంగా ఉంది. సంవత్సరీకం ముందు ఇలా రాయకూడదేమో. కానీ ఉంది.

ఇవాళ పొద్దున కూడా అమ్మ గారెలకి మినప్పప్పు ఎంత నానబెట్టాలో లెక్క వేస్తూ, "లిమ్ గారిని, ఆంటీని కూడా పిలిచానే. మీ నాన్నకి వాళ్ళే కదా చుట్టాలు. దౌరో సంగతి ఆయన నోటితో కూడా విందాం, మీ బాబాయి వింటానంటున్నాడు" అంది. నా మొహం చూసి, "సిగ్గు పడతావేంటే, మంచి పనేగా చేశావు" అంది.

అప్పుడు తేలిపోయింది నాకు. ఆయన్ని మన ఇంట్లో కూర్చోబెట్టి, నీ ఫోటో ముందు, నా కోసం ఇంకోసారి అబద్ధం చెప్పిస్తానన్నమాట. మర్నాడు ఆయన సైకిల్ వ్యాను ఎక్కుతుంది.

అది జరగదు.

గురువారం వాళ్ళు పదిన్నరకి వస్తారు. పంతులుగారు పదకొండుకి. మధ్యలో అరగంట ఉంటుంది. మంచం కింద పెట్టె హాల్లోకి తెస్తాను. టేపు చూపిస్తాను. కుళాయి ఏ పక్కన ఉందో, నేను ఏ పక్కన పోయానో, అంకుల్‌కి కళ్ళు తిరగలేదని, ఆయన నా వెనక రావడం ఒక్కటే చేశాడని ఆంటీకి ఇంగ్లీషులో చెప్తాను. నేను కొండ కింద ఎందుకు ఆగానో బాబాయికి తెలుగులో చెప్తాను.

ఆ తర్వాత అమ్మని లోపలికి తీసుకెళ్ళి, తలుపు వేసి, జనవరి ఆఖరి ఆదివారం సంగతి చెప్తాను. బెంచీ, చెయ్యి, పెదాల రంగు, నువ్వన్న మాట, నేనన్న సరే. నీకు పెట్టే పిండం అమ్మకి నిజం తెలిశాకే పెట్టనీ.

అమ్మ నా సైకిల్‌కి తాళం వేస్తుంది. నాతో ఎన్నాళ్ళు మాట్లాడదో తెలీదు. బంగారం ఆ రోజుతో అయిపోతుంది.

నువ్వు చెప్పకు అన్నావు. నేను చెప్తున్నాను.

నీ అమ్మలు